మూల దగ్గర వదులు

"మా ఆవిడ రాకెట్ల ఆఫీసులో టైలరు లెండి," అంటారు మా ఆయన, ఇంటికి ఎవరొచ్చినా. వాళ్లు నవ్వుతారు. టీ అందిస్తూ నేనూ నవ్వుతాను. "ఇంట్లో దిండు గలీబుకి నాలుగు కుట్లు వెయ్యమంటే తీరిక లేదంటుంది, అక్కడ మాత్రం రోజంతా కుడుతుంది," అని అత్తగారు అందుకుంటారు. పదకొండేళ్లుగా ఇదే వరస.

నేను కుట్టేది దుప్పటే, కాదనను. వెండి రేకులా మెరిసే పల్చటి పొరలు ఇరవై, ఒకదాని మీద ఒకటి పేర్చి కుడతాను. ఈసారి అది ఎక్కడో దూరాన ఒక గ్రహం చుట్టూ తిరిగే చందమామ దగ్గరికి వెళ్లే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటరు కోసం. కంటికి కనపడని వెలుగును విడదీసి, ఆ నేల మీద ఉన్నది మంచుగడ్డో ఉప్పో చెప్పే పరికరం అది. బాగా చల్లగా ఉంటేనే దానికి చూపు ఆనుతుంది. దాన్ని మోసుకెళ్లే అంతరిక్ష నౌక వేడి ఈ దుప్పటిలో ఒక్క సందులోంచి దూరినా, చందమామను వదిలేసి ఆ వేడినే చూస్తూ కూర్చుంటుంది. ఆ సందు లేకుండా చేసేది నా చెయ్యి. తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది, ఎందుకు దాచుకోవాలి?

డ్రాయింగు ఇచ్చిన రోజే ఇంజనీరు గారికి చెప్పాను. "మూల దగ్గర రెండు వేళ్ల వదులు కావాలి సార్. చలికి ముడుచుకుపోతుంది."

"గీసింది గీసినట్టు కుట్టమ్మా. ఆలోచించడానికి మేమున్నాంగా," అన్నారు. నోరు మూసుకుని కుట్టాను. ఇంట్లో అలవాటైన పనే కదా.

నిన్న గాలి తీసేసిన చలి గదిలో పరీక్ష పెడితే సరిగ్గా ఆ మూలే లాగేసి తెరుచుకుంది. పరికరానికి, నౌక బదులు పక్కన పెట్టిన పలక వేడి తప్ప ఇంకేమీ కనపడలేదు. మీటింగులో "కుట్టిందెవరు?" అని అడిగారు. ఇంజనీరు గారు నావైపు చూశారు. గీసిందెవరని ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇవాళ పొద్దున్నే ఇంజనీరు గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "పదిరోజుల్లో పరికరం వెళ్లిపోవాలి. నువ్వన్నట్టే వదులిచ్చి కుట్టేయమ్మా. కాగితాల సంగతి నేను చూసుకుంటాను."

'అలాగే సార్' అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది.

"కుట్టను సార్," అన్నాను. "ముందు డ్రాయింగు మారాలి. ఆ మూల నేనే గీస్తాను. గీసినవారు అన్నచోట సంతకం నాది, కుట్టినవారు అన్నచోటా నాదే. ఈసారి తెరుచుకుంటే రెండు ప్రశ్నలూ అడగమనండి. రెండిటికీ నేనే లేచి నిలబడతాను."