అక్క పొమ్మనలేదు

"ఇప్పుడు లేచి వెళ్లిపోయేవాళ్లని ఏమీ అనం. ఆ తర్వాత బేడీలే" అన్నాడు పోలీసు అధికారి.

విశ్వవిద్యాలయాల పాలకమండలి సమావేశం ఆగిపోయింది. సభ్యులు కాఫీ కప్పులతో గోడవారగా నిలబడ్డారు. నేలమీద చేతులు పెనవేసుకుని కూర్చున్న విద్యార్థులు నినాదాలు ఆపలేదు. దేశంలో ఉండటానికి అనుమతి కాగితాలు లేని వలస పిల్లలకు అమెరికాలోని జార్జియా రాష్ట్రపు పెద్ద విశ్వవిద్యాలయాల్లో సీటివ్వకూడదన్న నియమాన్ని ఎత్తేయాలని వాళ్ల పట్టు.

వరస చివర నయేలీ. ఆమె పక్కన అక్క అమైరానీ. నయేలీ ఈ రాష్ట్రంలోనే పుట్టింది, అలాంటి విశ్వవిద్యాలయంలోనే చదువుతోంది. అమైరానీని మాత్రం తల్లి మెక్సికో నుంచి చంకనేసుకుని ఎడారి దాటించింది. బడిలో ఎప్పుడూ మొదటి స్థానం అమైరానీదే, చెల్లెలికి లెక్కలు నేర్పిందీ ఆమే. ఇప్పుడు తివాచీల మిల్లులో నూలు కండెలు మారుస్తోంది.

చివర కూర్చుంటానని నయేలీయే పట్టుబట్టింది. "ముందు నన్నే పట్టుకుంటారు. ఇక్కడ పుట్టినదాన్ని, నన్నేం చేస్తారు? సాయంత్రానికి వదిలేస్తారు. ఈలోగా లాయరొచ్చేస్తాడు" అని అందరికీ ధైర్యం చెప్పింది. తీరా బూట్ల చప్పుడు దగ్గరికొచ్చేసరికి ఆమెకు స్కాలర్‌షిప్ గుర్తొచ్చింది. కేసు పడితే అది పోతుంది. చెయ్యి లాక్కుని లేచింది. తలుపు దాటేదాకా వెనక్కి చూడలేదు.

"అక్కే పొమ్మంది" అంది ఇంటికొచ్చి.

"అంటుంది. చిన్నప్పట్నుంచీ దానికి నీమీదే ధ్యాస. దాని నోటి దగ్గర ముక్క కూడా నీకే పెట్టేది" అంటూ తల్లి యుఫేమియా మొక్కజొన్న రొట్టె కాల్చి, చిక్కుడుగింజలు వడ్డించింది. నయేలీ రొట్టె తుంచి పళ్లెంలోనే వదిలేసింది.

అక్కను చూడటానికి జైలుకు నయేలీ ఒక్కతే వెళ్లాల్సి వచ్చింది. తల్లికీ కాగితాల్లేవు. గుమ్మం తొక్కితే ఆమెనూ ఉంచేసుకుంటారు. అందుకని రోడ్డవతల పెట్రోలు బంకు దగ్గర కార్లోనే కూర్చుంది.

అద్దం అవతల అమైరానీ ఫోనందుకుంది.

"తిన్నావా?"

"ఊఁ."

"నీ చెయ్యి భలే జారిందే! సబ్బు రాసుకొచ్చావేమో అనుకున్నా." నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నువ్వు లేచాక చివర మిగిలింది నేనే కదా. ముందు నన్నే ఈడ్చారు."

నయేలీ ఫోను తీగను వేలికి చుట్టుకుంది.

"మెక్సికో పంపెయ్యడానికి వలస శాఖవాళ్లకి అప్పజెప్తారంటున్నారు. ఇంకా తేల్లేదు. అమ్మకి చెప్పకు."

"అక్కా, నేను..."

"పరీక్షలకి చదువు. అదన్నా చెయ్యి."

కారెక్కగానే తల్లి అడిగింది: "ఏమందే?"

"అక్క పొమ్మన్లేదమ్మా. నేనే చెయ్యి లాక్కుని వచ్చేశా."

తల్లి తిట్టలేదు. తిట్టినా, నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది. అమైరానీ కోసం తెచ్చిన ఉన్ని మేజోళ్లు ఒళ్లో పెట్టుకుని కిటికీవైపు తిరిగింది. ఇల్లు చేరేదాకా మళ్లీ ఇటు చూడలేదు.

సోమవారం నయేలీని డీన్ పిలిపించింది.

"కూర్చోమ్మా. పేపర్లవాళ్లు మనమీద ఎంత అన్యాయంగా రాస్తున్నారో చూశావా? వలసొచ్చినవాళ్ల పిల్లలకి ఇక్కడ చోటే లేదట! మరి నువ్వు లేవూ? శుక్రవారం పేపర్లవాళ్లని పిలిచి సభ పెడుతున్నాం, అందులో రెండు ముక్కలు మాట్లాడు. కష్టపడి చదివితే తలుపులు తెరిచే ఉన్నాయని చెప్పు, చాలు."

"మా అక్క నాకన్నా కష్టపడి చదివిందండీ."

"పాపం, నాకు తెలుసు. కానీ చట్టమనేది ఒకటుంది కదా. నువ్వు తెలివైనదానివి, సమయానికి లేచొచ్చేశావు. స్కాలర్‌షిప్ కమిటీవాళ్లు కూడా అదే మెచ్చుకున్నారు."

నయేలీకి చెవులు భగ్గుమన్నాయి. తను దేనికి సిగ్గుతో చచ్చిపోతోందో, దాన్నే వీళ్లు మెచ్చుకుంటున్నారు.

"నేను రానండీ" అంది. తనకే సరిగా వినబడనంత మెల్లగా.

"ఏమన్నావ్?"

"రాను. ఆ మాట అనను."

ఈసారి బయటిగదిలో టైపు చేస్తున్నవాళ్ల చేతులు కూడా ఆగిపోయాయి. డీన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"స్కాలర్‌షిప్ సంగతి ఆలోచించుకునే అంటున్నావా?"

నయేలీ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.