ఆ గురువారం ఇటుక ధర

అన్సెల్మో కోర్దోబా నగరంలో ఇరవై ఏళ్లుగా బస్సు నడుపుతున్నాడు. ఏ మలుపులో ఎప్పుడు బ్రేకు వేయాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. డబ్బు దగ్గరకి వస్తే మాత్రం పెళ్లాం నెలీదా చెప్పినట్టు వినాల్సిందే. వినేవాడే గానీ, సణగకుండా వినేవాడు కాదు.

ఊరి చివర వాళ్లకి కాస్త స్థలం ఉంది. మార్చికల్లా అద్దె ఇల్లు ఖాళీ చేయమని యజమాని చెప్పేశాడు. నెలీదా ఆడవాళ్లకి జుట్టు కత్తిరించి సంపాదించిన పెసోల్ని, వాటి విలువ పడిపోతుందని, ఏ వారానికావారం డాలర్లుగా మార్చి పాత కోటు అస్తరులో కుట్టేది. నాలుగేళ్లు గడిచినా స్థలంలో ఒక్క ఇటుక పడలేదు.

"ఆ డాలర్లేమైనా పిల్లల్ని పెడతాయా? మార్చిలో ఆ కోటే కప్పుకుని రోడ్డున పడుకుందాం," అన్నాడతను ఒకరోజు.

"ఇప్పటి రేటుకి కొంటే ఒక గది లేస్తుందయ్యా, వంటిల్లు రాదు. డాలరు ఎప్పుడో ఒక పొద్దున గెంతుద్ది. ఇటుకల ధర దాన్ని అందుకోడానికి ఒకటి రెండు రోజులు పడుద్ది. మన వంటిల్లు ఆ రెండు రోజుల్లోనే ఉంది."

జనవరిలో ఒక గురువారం డాలరు గెంతింది. తెల్లారేసరికి మూడో వంతు పెరిగింది. పాత ధరకి అమ్మడం ఇష్టంలేక ఇనుప సామాను దుకాణాలు కొన్ని అప్పుడే షట్టర్లు దించేశాయి. డాలర్లున్న వాళ్లంతా ఇంకా పెరుగుతుందని పిడికిలి బిగించి కూర్చున్నారు. అన్సెల్మోకీ ఆశ పుట్టింది.

"సోమవారం దాకా ఆగుదామే. ఇంకా ఎక్కుద్దంట."

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. సోమవారానికి అందరూ ధరలు సరిచేసేసుకుంటారు. పద," అంటూ, రంగు వేయించుకుంటున్నావిడతో తల మీరే కడుక్కోండని చెప్పి, కోటు చంకన పెట్టుకుని బయల్దేరింది.

ఇటుకల బట్టీ ఫెర్మిన్‌ది. బొలీవియా నుంచి వచ్చి పదేళ్లుగా అక్కడే మట్టి తొక్కుతున్నాడు. పొగలోంచి బయటికొచ్చి పోయిన నెల ధరే చెప్పాడు. త్వరగా ఇచ్చెయ్యమని అన్సెల్మో మోచేత్తో పొడిచాడు.

నెలీదా కోటు విప్పలేదు. "ఫెర్మిన్ గారూ, పొద్దున్న డాలరు మూడో వంతు పెరిగింది. మీ దాకా రాలేదనుకుంటా. ఇప్పుడు చెప్పండి ధర."

నాలుగేళ్లు నోరు కట్టుకుని దాచి, చివరికి తన నోటితోనే ఇల్లు పోగొట్టుకుందే అని అన్సెల్మోకి ఒళ్లు మండింది.

ఫెర్మిన్ చేతులు తుడుచుకుని కాలిన ఇటుకల వైపు చూపించాడు. "ఈ బట్టీకి కట్టెలు పాత ధరకే కొన్నానమ్మా, కూలీ కూడా ఇచ్చేశాను. ఇవి పాత ధరకే తీసుకెళ్లండి. రేపు కాల్చేదానికి కొత్త ధర. కాకపోతే పెసోలొద్దు, డాలర్లే ఇవ్వండి, ఇవాళ్టి రేటుకే లెక్క కట్టండి. పెసోలు చేతిలో ఉంటే సోమవారానికి కరిగిపోతాయి."

మూడు లారీల ఇటుకలు వచ్చాయి. సోమవారం ఊళ్లో బట్టీలన్నీ ధర పెంచాయి. ఆగుదామన్న వాళ్లు ఆగినచోటే ఉన్నారు.

ఫిబ్రవరి చివర్లో పైకప్పు పోశారు. కప్పు పోసిన రోజు పనివాళ్లకి నిప్పుల మీద మాంసం కాల్చి పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఫెర్మిన్‌నీ పిలిచారు. కొత్త వంటింటి ముందు నిప్పుల దగ్గరున్న పెళ్లాం పక్కన అన్సెల్మో చేరి మెల్లగా అడిగాడు.

"ఆ రోజు అతను ధర పెంచి ఉంటే?"

"వంటిల్లు ఉండేది కాదు."

"తెలిసే చెప్పావా?"

"తెలిసే. పక్కకి జరుగు, మాంసం మాడిపోతోంది."

ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషిని అన్సెల్మో కొత్తగా చూశాడు. ఇలాంటి మనిషి తన ఇంట్లో ఉందని అతనికి కడుపు నిండిపోయింది. తర్వాత పళ్లెం అందుకుని, అన్నిటికంటే మంచి ముక్క ఏరి, ఫెర్మిన్‌కి తనే తీసుకెళ్లి పెట్టాడు.