జ్ఞానయ్య చేసిన బల్ల

మా ఊరి చర్చిలో ఇప్పటికీ మా తాతయ్య జ్ఞానయ్య చేసిన బల్ల మీదే ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం పెడతారు. ఆ బల్ల దగ్గరికి ఆయన్ని మాత్రం ఇరవై మూడేళ్ళపాటు రానివ్వలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. పిల్లలకు ఓర్పు గురించి పాఠాలు చెప్పే టీచర్ని నేను. అయినా మండుతుంది.

మా ఊరు కైకలూరుకు దగ్గర, కొల్లేటి గట్టున ఉంటుంది. తాతయ్య సైన్యంలో వడ్రంగి. బర్మా యుద్ధంలో వాగుల మీద చెక్క వంతెనలు కట్టి, ఎడమచేతి వేళ్ళు రెండు అక్కడే పోగొట్టుకుని తిరిగొచ్చాడు. మిగిలిన ఎనిమిది వేళ్ళతో 1950లో ఆ బల్ల చేశాడు. ఒక్క ఇనుప మేకు కొట్టలేదు, అతుకులన్నీ చెక్క చీలలతోనే బిగించాడు. తడి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది, చెక్క ఉబ్బి ఇంకా బిగుస్తుంది అనేవాడు. కొల్లేరు పొంగి చర్చిలో నడుముల్లోతు నీళ్ళు నిలిచిన ఏడాది బెంచీలు ఊడిపోయాయిగానీ బల్ల అతుకు ఒక్కటి కూడా వదల్లేదు.

1961లో పక్క ఊరి అమ్మవారి రథం చక్రం విరిగింది. ఉత్సవానికి రెండు రోజులే ఉంది. వాళ్ళొచ్చి అడిగితే తాతయ్య వెళ్ళి బాగుచేసి వచ్చాడు. అంతే, సంఘపెద్దలు కూర్చుని, విగ్రహానికి ఊడిగం చేశాడని రిజిస్టరులో రాసి, ఆయన్ని బల్లకు రాకుండా ఆపేశారు. మా సంఘంలో అలా ఆపినవాళ్ళు ఆదివారంనాడు అందరి ముందూ లేచి నిలబడి, తప్పు చేశానని ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటారు. తాగి పడిపోయినవాళ్ళూ, చేపల చెరువు గట్ల మీద తలలు పగలగొట్టుకున్నవాళ్ళూ వారం తిరగకుండానే ఒప్పుకుని చేరిపోయారు. తాతయ్య ఒప్పుకోలేదు.

"బర్మాలో నా వంతెన దాటినోణ్ణి నీ దేవుడెవరని అడగలేదండీ. ఇప్పుడు బండిచక్రాన్ని అడగమంటారా?" అన్నాడట.

అలాగని చర్చి మానలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. అందరూ లేచి రొట్టె తీసుకోవడానికి ముందుకు వెళ్తే ఆయనొక్కడే మిగిలేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేను కళ్ళారా చూశాను. మళ్ళీ పెద్దల తెలివి చూడండి. బల్ల పైపలక కాస్త బీటిచ్చిందంటే ఆయనకే కబురు పెట్టేవారు. రొట్టె పట్టుకోవడానికి పనికిరాని చేతులు చీల బిగించడానికి మాత్రం పనికొచ్చాయి! ఆయన వెళ్ళి, బిగించి, చేతులు దులుపుకుని వచ్చేవాడు. 1984లో అలాగే పోయాడు.

ఈ ఏడు చర్చికి నూరేళ్ళు నిండాయి. సంఘానికి సేవ చేసినవాళ్ళ పేర్లు నల్లరాతి మీద చెక్కించి గోడకు పెడుతున్నారు. సంఘం కార్యదర్శి సుందరరావు గారు ఆ పని మీదే ఇప్పుడు మేముంటున్న తాడేపల్లిగూడెం ఇంటికి వచ్చారు. మా అమ్మ సరోజ జ్ఞానయ్యకు ఒక్కతే కూతురు. ఆవిడకిప్పుడు డెబ్బై ఏడేళ్ళు.

"నాన్నగారి పేరు పెట్టాలని మాకూ ఉందండీ సరోజమ్మగారూ. రిజిస్టర్లో అలా ఉండిపోయింది కదండీ మరి! కుటుంబం తరఫున మీరు లేచి, తప్పు జరిగిందని ఒక్క మాట అనేస్తే సరిపోద్దండీ. చెక్కేవాణ్ణి చోటు వదిలిపెట్టమన్నాను."

"తప్పు ఎవరిదండీ?" అన్నాను.

"క్రిస్టినా గారూ, మీరు కోప్పడితే ఎలాగండీ? పోయినాయనకి గౌరవం దక్కాలనే కదండీ ఇదంతా."

నేను ఇంకేదో అనబోతే అమ్మ అడ్డుపడింది. "ఆదివారం వస్తామండీ. కాఫీ తాగండి."

ఆయన గుమ్మం దాటగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఒప్పుకుంటావా? ఆయన చచ్చేదాకా అనని మాట నువ్వంటావా?"

"పేరుంటే బాగుంటదే. రేపు నేను పోయినా నీ పిల్లలు చదువుకుంటారు" అంది. ఆ పేరు అక్కడ చూసుకోవాలని అమ్మకి ఎంత ఆశో అప్పుడు తెలిసింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. నిరుడే వచ్చిన కుర్ర పాస్టరు హేమంత్‌కుమార్ అయ్యగారు ఆరాధన నడిపిస్తున్నారు. సుందరరావు గారు పాత రిజిస్టరు తెచ్చి, అమ్మ పేరు పిలిచారు. అమ్మ లేచి నిలబడింది.

"నేను జ్ఞానయ్య గారి అమ్మాయినండీ. మా నాన్న తప్పు చేశాడని చెబితే రాయి మీద పేరేస్తామన్నారు. ఆ పేరు చూసుకోవాలని నాకు చాలా ఉందండీ. కానీ చెప్పను. చక్రం విరిగితే బాగుచేశాడు. అది తప్పు కాదు. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను."

చెప్పి, నెమ్మదిగా నడిచి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. రాతి మీద తాతయ్య పేరు పడలేదు. వదిలిపెట్టిన చోట తర్వాత ఫ్యాన్లు ఇచ్చినాయన పేరు చెక్కారు.

ప్రభు భోజనం మొదలైంది. వరసలన్నీ లేచి ముందుకు వెళ్ళాయి. అమ్మ కదల్లేదు. మోకాళ్ళ నొప్పేమో అనుకుని పాస్టరు గారు పళ్ళెం పట్టుకుని మా దగ్గరికే వచ్చారు.

"తీసుకోండి అమ్మగారూ."

అమ్మ చెయ్యి చాపింది. "రెండు ముక్కలు పెట్టండి అయ్యగారూ."

ఆయనకి అర్థం కాలేదు.

"ఒకటి నాకండీ. ఒకటి మా నాన్నకి."

చర్చి అంతా వెనక్కి తిరిగింది. సుందరరావు గారు సగం లేచి, "అలా కుదరదండీ అయ్యగారూ!" అన్నారు. పాస్టరు గారు ఒక ముక్క అమ్మ అరచేతిలో పెట్టి ఆగారు. అమ్మ చెయ్యి వెనక్కి తీయలేదు. నేను లేచి అరుద్దామనుకున్నాను. అమ్మ రెండో చేత్తో నా మోకాలు నొక్కి పట్టింది. పాస్టరు గారు సుందరరావు గారి వంక చూశారు, మళ్ళీ ఆ చెయ్యి వంక చూశారు. రెండో ముక్క పెట్టారు.

అమ్మ ఒకటి తింది. తర్వాత రెండోది నోట్లో పెట్టుకుని, తొందర లేకుండా చాలాసేపు నమిలింది. ఆవిడ తినడం అయ్యేదాకా పాట ఎత్తుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.