పడమటి దారిలో కేక

మంగళవారం పదింటికి పెద్దల నడక సంఘం ఆఫీసు తెరుచుకుంటుంది. ఆఫీసంటే కమ్యూనిటీ హాలు వెనక గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, తలుపు సరిగా పడని ఒక బీరువా. బల్ల వెనక కండక్టరమ్మ కూర్చుంటుంది. ఉద్యోగం దిగి ఆరేళ్లయినా అందరూ ఆమెను ఇంకా అలాగే పిలుస్తారు. ఇరవై తొమ్మిదేళ్లు టిక్కెట్లు కొట్టిన మనిషి. ఎదుటివాడు నోరు తెరవకముందే వాడి జేబులో ఉన్నది పాత టిక్కెట్టో కొత్తదో పసిగట్టేస్తుంది.

ఈసారి సంఘం కొండెక్కుతోంది. అరవై దాటినవాళ్లు పద్నాలుగు మంది పేర్లిచ్చారు. ఒక్కొక్కరికీ ఒక ఫారం. బీపీ ఉందా, షుగరుందా, మోకాళ్లు ఎలా ఉన్నాయి, పడిపోతే ఎవరికి ఫోను చెయ్యాలి. అన్నిటికన్నా కింది లైను: "కొండ మీద పాత మాటలు వినబడితే సంఘానిది పూచీ కాదు."

ఆ కొండ మారుపలకడానికి తొందరపడదు. అరిచిన కేకను దాచుకుంటుంది. నెలకో, పదేళ్లకో, తనకు బుద్ధి పుట్టినప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. పోయినేడాది ఆఫీసు వాళ్లని వెంటేసుకుని సంఘంతో పాటు ఎక్కిన ఒక బ్యాంకు మేనేజరుకి, ఆయన ఐదేళ్లప్పటి గొంతు "అమ్మా, ఒంటికొస్తోందే!" అని నలుదిక్కులా వినబడింది. ఆయన సంఘం మీద ఫిర్యాదు రాశాడు. అందుకని ఆ లైను. అందరూ దాని కింద బీపీ మాత్ర పేరు రాసినంత మామూలుగా సంతకం పెట్టేస్తారు.

పద్నాలుగు ఫారాలూ సర్ది క్లిప్పు పెడుతుంటే గుమ్మంలో నీడ పడింది.

"నన్ను కూడా రాసుకుంటారేమోనని వచ్చానమ్మా," అన్నాడు సర్వేయరు.

కండక్టరమ్మ చెయ్యి ఆగింది. డెబ్బై ఒకటి దాటిన మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉంటూ, వీధిలో ఎదురైతే ఆయనొక పక్కకీ ఈమె ఒక పక్కకీ తప్పుకుంటారు.

"ఎందుకు?" అంది. మిగతా పద్నాలుగు మందిలో ఎవరినీ ఆ మాట అడగలేదు.

"ఎక్కాలని ఉంది."

"ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు పుట్టింది?"

ఆయన నిలబడే ఫారం నింపాడు. అన్నిటికీ 'లేదు', 'బాగున్నాయి'. పడిపోతే ఎవరికి చెప్పాలన్న చోట ఖాళీ వదిలేశాడు. నడవగలిగిన పెద్దవాళ్లెవరినీ కాదనకూడదని సంఘం నియమం. అది రాసిందీ కండక్టరమ్మే. పళ్లు బిగించి పదిహేనో నంబరు వేసింది.

ఆ కొండ పక్కగా రోడ్డు వెయ్యాలని ముప్పై ఒక్క ఏళ్ల కిందట అనుకున్నారు. కండక్టరమ్మ భర్త రోడ్ల శాఖలో ఓవర్సీరు. కొలతల కోసం ఆయనా సర్వేయరూ పొద్దున్నే ఎక్కారు. దిగింది ఒక్కడే. పదకొండింటికి బండల చీలికలో ఓవర్సీరు కాలు జారిందనీ, చెయ్యి పట్టుకుని సాయం కోసం అరిచాననీ, ఎవరూ రాలేదనీ, ఆఖరికి పట్టు తప్పిందనీ సర్వేయరు చెప్పాడు. కొండ కింద గేటు కాపలావాడేమో తనకు చిన్న కేకైనా వినబడలేదన్నాడు. సర్వేయరు గేటు దగ్గరికి వచ్చింది నాలుగింటికి. అక్కడ కబురు చెప్పి, మనుషుల్ని పైకి పంపి, తను మాత్రం బస్సు డిపోకి వెళ్లి బెంచీ మీద కూర్చుని టీ తాగాడు. చూసినవాళ్లున్నారు. ఒకటి కాదు, మూడు టీలు. ఏడింటికి కండక్టరమ్మ ఆఖరి ట్రిప్పు దిగాక అప్పుడు లేచొచ్చి చెప్పాడు. అప్పటికి ఊరంతా తెలుసు, ఆమెకు తప్ప.

"బస్సు పది నిమిషాలు లేటైతే నేను కారణం రాసివ్వాలి. ఈయన ఐదు గంటలకి కారణమేమిటి?" అని ఆమె అడిగింది. పోలీసులు ఫైలు మూసేశారు. ఆమె మూయలేదు. ఊరూ మూయలేదు. తోశాడని ఎవరూ అనలేదు, తోయలేదనీ ఎవరూ అనలేదు. సర్వేయరుకి కుదరబోయిన సంబంధం తప్పిపోయింది. ఆ తరవాత మరొకటి రాలేదు.

శుక్రవారం మీటింగులో కండక్టరమ్మ తూర్పు దారి అంది. సర్వేయరు వెనక కుర్చీలోంచి లేచి, మడతపెట్టిన కాగితం బల్ల మీద పరిచాడు.

"తూర్పున మెట్లు ఎత్తు. పడమటి దారి చుట్టే గానీ వాలు తక్కువ. ఆగడానికి ఆరు చోట్లు గుర్తుపెట్టాను."

పడమటి దారి ఆ చీలిక పక్కనించే పోతుంది. గదిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. అందరూ కాగితం వంక చూశారు, తరవాత కండక్టరమ్మ వంక చూశారు. రిటైరైన నర్సు మాత్రం మోకాలు నిమురుకుంటూ, "నా ఓటు ఎవరికని నన్నడక్కండి, ఇదిగో దీన్నడగండి. ఇది పడమరే అంటోంది," అంది. ఇక కాదనడానికి ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చాక కండక్టరమ్మ ఆడపడుచు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అన్న పోయినప్పటి నించీ వదిన దగ్గరే ఉంటోంది ఆమె.

"ఏదో ఉంది వదినా. మనల్ని అక్కడికే ఎందుకు తీసుకెళ్తున్నట్టు?"

"అదే నా బుర్ర తినేస్తోంది. ముందు మనిద్దరం వెళ్లి చూసొద్దాం. ఈ కాగితంలో ఎక్కడో ఒక అబద్ధం ఉండే ఉంటుంది."

బుధవారం ఇద్దరూ టేపు పట్టుకుని నాలుగో మజిలీ ముందు మలుపు దాకా కొలిచారు. నూట ఎనభై అడుగులని రాసినచోట నూట ఎనభై అడుగులే. ఊగే రాయి అని రాసినచోట రాయి ఊగింది. ఒక్క తప్పూ దొరక్కపోయేసరికి కండక్టరమ్మకి అనుమానం ఇంకా పెరిగింది. ఇంత శ్రద్ధగా ఊరికే ఎవడు చేస్తాడు?

ఆదివారం ఆరున్నరకి బయల్దేరారు. మెడలో ఈల, వీపున నీళ్లు, జతలు జతలుగా. సర్వేయరుని మధ్యలో వేసి, వెనకాల ఆడపడుచుని పెట్టింది కండక్టరమ్మ. "ఆయన చేతుల మీంచి చూపు తియ్యకు," అని చెవిలో చెప్పింది. తను ఆయన కాళ్లను చూస్తూ నడిచింది. దారిలో ఎవరిదో పాత దగ్గు, ఎవరి పెళ్లాన్నో ఎవరో పిలిచిన పిలుపు వినబడుతూనే ఉన్నాయి. ఎవరూ వెనక్కి తిరగలేదు.

పదకొండుకి ఐదు నిమిషాల ముందు నాలుగో మజిలీకి చేరారు. పక్కనే కంచె. కంచె అవతల చీలిక.

"ఇక్కడే ఎందుకు గుర్తుపెట్టారు?" అంది కండక్టరమ్మ.

"నీడ ఉంది." సర్వేయరు టోపీ తీశాడు. "వచ్చే గురువారం మా మేనల్లుడి ఊరు వెళ్లిపోతున్నానమ్మా. ఇక రావడం ఉండదు. ఒక్కసారి చూసి పోదామని."

"చూడ్డానికా, మాకు ఏదైనా చూపించడానికా?"

ఆయన ఏదో అనబోయాడు. అంతలో చీలికలోంచి రాళ్లు దొర్లిన చప్పుడు, ఒక మగ గొంతు "అయ్యో!" అనడం, ఇంకో గొంతు "పట్టుకో! వదలకు!" అనడం వినబడ్డాయి.

కండక్టరమ్మ మొదటి గొంతుని పోల్చుకుంది. కూర్చుండిపోయింది.

"ఎవరైనా ఉన్నారా! కిందెవరైనా ఉన్నారా!"

ఇది నలభై ఏళ్ల మనిషి గొంతు. అది తనదేనని సర్వేయరే ముందు తెలుసుకున్నట్టుంది, మొహం పక్కకి తిప్పుకున్నాడు. కండక్టరమ్మ అలవాటుగా గడియారం చూసింది. పదకొండూ ఐదు.

కేక మళ్లీ వచ్చింది. మళ్లీ వచ్చింది. నిమిషానికి రెండుసార్లో మూడుసార్లో, ఆగకుండా. కాసేపటికి నర్సు రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు అందరికీ పంచింది. ముసలి కడుపులు ఎంతసేపని ఆగుతాయి? చప్పుడు చెయ్యకుండా తిన్నారు. కిందికి దిగుదామని ఎవరూ అనలేదు. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. గొంతు బొంగురుపోయింది. అయినా కేక ఆగలేదు.

"గురూ, ఇక ఆపు. గొంతు పోతుంది," అన్నాడు చీలికలోంచి ఆమె భర్త.

"నువ్వు మాట్లాడకుండా గట్టిగా పట్టుకో."

"చెయ్యి మార్చుకోరాదూ."

"మారిస్తే జారిపోతావు. ఎవరైనా ఉన్నారా!"

రెండున్నర ప్రాంతంలో ఆయన గొంతు మళ్లీ వినబడింది, బాగా నెమ్మదిగా. "మా ఆవిడ ఆఖరి ట్రిప్పు ఏడింటికి. బస్సునిండా జనంతో ఉంటుంది. మధ్యలో ఎవర్నీ చెప్పనివ్వకు. దిగాక చెప్పు. నువ్వే చెప్పు."

"నువ్వే చెప్పుకుందువుగాని."

"నువ్వే చెప్పు గురూ."

మూడూ పదికి మాటలు లేని ఒక అరుపు వచ్చింది. తరవాత కొండ ఊరుకుంది.

కండక్టరమ్మ లెక్క వేసుకుంది. పదకొండూ ఐదు నించి మూడూ పది. అక్కడినించి గేటుకి, ఒంటరిగా దిగే మనిషికి, యాభై నిమిషాలు. నాలుగు.

ఆడపడుచు ఏడుస్తూనే అడిగింది. "మా అన్నయ్య అలా అన్నాడని మాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నమ్మేవారా తల్లీ? పోయినవాడి మాట అడ్డం పెట్టుకుని తప్పించుకుంటున్నాడనేవారు."

"అనేదాన్ని," అంది కండక్టరమ్మ. "మరి ఆ టీలు?"

సర్వేయరు టోపీని చేతుల్లో తిప్పాడు. "అప్పటికి నాకు గొంతు పెగలడం లేదు, గేటు దగ్గర సైగలతోనే చెప్పాను. మీకు చెప్పాలంటే గొంతు ఉండాలిగా."

ఆమె లేచి చీర దులుపుకుంది. తలలు లెక్కపెట్టింది. సరిపోయాయి. ఈల వేసి అందర్నీ దింపడం మొదలుపెట్టింది. దిగుడులో సర్వేయరు పక్కనే నడిచింది. రాళ్లు వచ్చినచోట ఆయన చెయ్యి అందించాడు. పట్టుకుంది. వెనకాల నర్సు ఎవరితోనో మోకాళ్ల గురించి గట్టిగట్టిగా మాట్లాడుతోంది, ముందున్నవాళ్లిద్దరి నిశ్శబ్దం ఎవరికీ వినబడకూడదన్నట్టు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు కండక్టరమ్మ అంది, "వచ్చే నెల చెరువు చుట్టూ నడక పెట్టాం. ఆ దారి ఎవరూ కొలవలేదు."

"గురువారం టిక్కెట్టు తీసేశాను."

"టిక్కెట్లు రద్దు చెయ్యడం నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. సామాను కట్టేశారా?"

"సగం."

"సగమే కదా."

సర్వేయరు బస్సు వచ్చే వైపు కాసేపు చూశాడు. తరవాత ఫోను తీసి, కళ్లజోడు పైకి నెట్టుకుని, మేనల్లుడి నంబరు వెతికాడు.

"నేనేరా. లేదు, బాగానే ఉన్నాను. రావడం లేదని చెబుదామని," అన్నాడు. అవతలివాడు కారణం అడిగినట్టున్నాడు. ఆయన కండక్టరమ్మ వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇక్కడ మావాళ్లు ఉండమంటున్నారు," అన్నాడు.