అవతలి ఒడ్డు గొడుగు

అవతలి ఒడ్డువాళ్లు మన తంకమణిని నిలువునా ముంచేశారట. ఇరవై ఏళ్లు వార్డు మెంబరుగా చాకిరీ చేయించుకుని, ఇప్పుడు పోయిపోయి వర్కిచ్చన్‌ని గెలిపించారట. పొరుగింటి శోశమ్మ చేపలు తోముతూ చెప్పిన మాట ఇది.

అందులో సగమే నిజం. కిందటేడు వార్డులు మళ్లీ విడగొట్టినప్పుడు మా కాలవే సరిహద్దయింది. అవతలి ఒడ్డు వేరే వార్డులోకి పోయింది. తంకమణి ఇవతల నిలబడి కొద్ది ఓట్లతో ఓడింది. అవతల వర్కిచ్చన్ నెగ్గాడు.

అదివరకు ఎన్నికలొస్తే ఆ కాలవే మాకు వీధి. ఏ పార్టీ లేని తంకమణికి ప్రతిసారీ గొడుగు గుర్తే దక్కేది. చినుకు లేకపోయినా పడవనిండా గొడుగులు విప్పుకుని బయల్దేరేవాళ్లం. తెడ్డు నాది, పాట ఆడవాళ్లది. అవతలి రేవులో ఏలియమ్మమ్మ ఉడికించిన కర్రపెండలం, ఎర్రటి చేపల పులుసు పెట్టందే పడవ కదలనిచ్చేది కాదు. “ఓటుకొచ్చారా, తిండికొచ్చారా?” అని తిడుతూనే మళ్లీ వడ్డించేది. ఆ పులుసు ఘాటు ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు.

ఫలితాలొచ్చిన సాయంత్రం తంకమణి అరుగు మీద ముగ్గురమే కూర్చున్నాం.

“ఓడినందుకు కాదు కురియా,” అంది తంకమణి నాతో. “ఆ ఒడ్డువాళ్లు నన్ను మరిచిపోయారా అని.”

“మరవకేం చేస్తారు అక్కా!” అంది శోశమ్మ.

అంతలో రేవుకు పడవ తగిలింది. అరటిపళ్ల అత్తంతో ఏలియమ్మమ్మ దిగింది. మొహం వెలిగిపోతోంది.

“గెలిచావటగా పిల్లా! మోకాళ్లు పీకుతున్నా పొద్దున్నే పోయి గొడుగు మీద నొక్కా. మా వాడలో అందరి చేతా నొక్కించా.”

“ఓసి నీ తెలివి! ఈసారి మీ ఒడ్డున గొడుగు వర్కిచ్చన్‌దే అమ్మమ్మా! పేరు చూసుకోలేదా?” శోశమ్మ నెత్తి కొట్టుకుంది.

“ఏనాడు చూశామే పేర్లు? వాడూ గొడుగేసుకొచ్చి మరీ అడిగాడు. తంకమణి మనిషేననుకున్నా.”

తంకమణి పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఓడిన మనిషిలా లేదు. ముసలామె చేతులు పట్టుకుని, “మీ వార్డూ మా వార్డూ వేరయ్యాయి అమ్మమ్మా. నీకు తెలీలేదా?” అంది.

ఏలియమ్మమ్మ చేతులు విడిపించుకుంది.

“ఎవరు చెప్పారే నాకు? మా ఓట్లు నీకు రావని తెలిశాక ఒక్కసారన్నా కాలవ దాటావా?”