తెర ఉన్న గోడ

ఆ శనివారం ఇటలీలోని వియదానా నుంచి మాంతువాకి వచ్చిన బస్సులో ఉల్దెరికో ఫ్రస్సీనే ఉంటాడని నీవెస్ బొత్తూరా కలలో కూడా అనుకోలేదు. మాంతువాలో గైడుగా ఆమెకిది ఇరవయ్యో ఏడు. ముప్ఫై మంది ముసలివాళ్ళ మధ్య మెట్లు దిగుతున్న ఆ పొడుగాటి మనిషిని చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది.

ఆమె చదివిన బడిలో ఆయన చిత్రకళ చరిత్ర చెప్పేవాడు; పిల్లలంతా ప్రొఫెసరు గారూ అనే పిలిచేవాళ్ళు. పదహారేళ్ళ నీవెస్ పెద్దయ్యాక ఆ చదువే చదువుతానంటే, "మీ నాన్న పందులు కోస్తాడుగా, నువ్వూ అదే నేర్చుకో. ఇంట్లో అలవాటైన పని," అన్నాడు, తరగతి అందరి ముందూ. పిల్లలు పగలబడి నవ్వారు.

ఇప్పుడు ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. భార్య క్లేలియా చెయ్యి పట్టుకుని నడుస్తూ, నీవెస్ నోరు తెరిస్తే చాలు అడ్డు తగులుతున్నాడు.

"ఇవన్నీ కరపత్రంలో ఉండే మాటలేగా అమ్మాయ్! సొంతంగా ఏమన్నా తెలుసా?" అన్నాడు, సంత్ ఆంద్రెయా చర్చి ముందు.

"మీరు సందు ఇస్తే కదా ప్రొఫెసరు గారూ, తెలిసింది చెప్పడానికి!"

"అబ్బో! చదువు తక్కువైతే నోరు లేస్తుందంటారు, నిజమే."

అర్మీదా అనే లావుపాటి ముసలమ్మ అందుకుంది. "పోనీ ఆయన్నే చెప్పనివ్వు తల్లీ, నీకూ గొంతునొప్పి తప్పుతుంది."

మధ్యాహ్నం భోజనాల దగ్గర సగం మంది ఆయన బల్ల చుట్టూ చేరారు. నీవెస్ తలుపు పక్కన ఒక్కతే కూర్చుని గుమ్మడికాయ ముద్ద కూరిన తోర్తెల్లి తింది. ఒక్కటీ రుచి తెలియలేదు.

తర్వాత డ్యూకుల కోటలో, మంతేన్యా అనే పాతకాలపు చిత్రకారుడు గోడలూ కప్పూ చిత్రించిన గదికి వెళ్ళారు. లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. గుమ్మం దగ్గర కాపలా మనిషి క్లేలియా పెద్ద సంచిని వద్దన్నాడు. "నేనొచ్చేదాకా కదలకు," అని మొగుడికి చెప్పి ఆమె దాన్ని అప్పగించడానికి వెళ్ళింది. ఆయన ఆగలేదు. ముందువాళ్ళ అడుగుల చప్పుడు పట్టుకుని లోపలికి వచ్చేశాడు.

నీవెస్ మొదలుపెట్టేలోగానే చెయ్యెత్తాడు. "చూడండి! కుర్చీలో లుడొవికో ప్రభువు, చేతిలో ఉత్తరం. పక్కన ఆయన భార్య. కుర్చీ కింద హాయిగా పడుకున్న కుక్క..."

జనం ముఖాలు చూసుకున్నారు. ఆయన వేలు చూపిస్తున్న గోడ మీద మనుషులే లేరు. పైనుంచి కిందిదాకా చిత్రించిన తెర మాత్రమే ఉంది.

నీవెస్‌కి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. భార్య చెయ్యి వదలకపోవడం, ప్రతి మెట్టు దగ్గరా ఆమె ఆయన చెవిలో ఏదో చెప్పడం. ఆయనకి కళ్ళు కనబడవు. ఎప్పుడో చూసింది అప్పజెబుతున్నాడు. మెల్లగా భుజం పట్టుకుని తిప్పితే సరిపోయేది. ఆ సంగతీ ఆమెకు తెలుసు.

"ప్రొఫెసరు గారూ," అంది, గదంతా వినబడేలా. "అది తెర. మీ ప్రభువు మీ వీపు వెనకున్నాడు."

అర్మీదా కిసుక్కుమంది. ఆ వెంటనే మిగతావాళ్ళూ నవ్వారు. "వెనకా?" అంటూ ఆయన తిరిగాడు, మరీ ఎక్కువగా తిరిగి కిటికీ వైపు నిలబడ్డాడు. నీవెస్ ఆయన్ని అలాగే వదిలేసి కప్పు మీది బొమ్మల గురించి చెప్పుకుపోయింది. ఆ రోజంతట్లో ఎవరూ అడ్డురాకుండా ఆమె మాట్లాడింది అప్పుడే.

గుమ్మంలోంచి అంతా విన్న క్లేలియా, బయట ముంగిట్లో మొగుడి చెయ్యి పట్టుకుని నీవెస్ దారికి అడ్డం నిలబడింది.

"ఆయనకి చూపు పోయి ఏడాదయింది. ఒక్కసారి ఆ గదిలో నిలబడతానని ప్రాణం తీస్తే తీసుకొచ్చా. నీకు తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నా."

"ఏం పాపం చేశాడు నీకు?"

నీవెస్ బడి సంగతి చెప్పింది, తండ్రి పేరుతో సహా. ఉల్దెరికో తల ఓరగా వంచి విన్నాడు.

"బొత్తూరా... ఊహూ, గుర్తులేదు. నీలాంటి పిల్లలు ఏడాదికి పదిమంది వచ్చేవాళ్ళు. అందరినీ ఏదో ఒకటి అనేవాణ్ణి."

"ముప్ఫై ఆరేళ్ళు మోశాను ఆ మాటని!"

"మొయ్యమని నేను చెప్పానా?"

నీవెస్ గిర్రున తిరిగి బస్సు వైపు నడిచింది.

బస్సు దగ్గర ఆమె, తన మాటలు వినడానికి పొద్దున అందరికీ ఇచ్చిన చెవి యంత్రాలు వెనక్కి తీసుకుంది. ఆయన తనది తీసి, ఎవరూ లేని వైపుకి చాపాడు. నీవెస్ చాచిన చెయ్యి అంగుళం కూడా జరపలేదు. క్లేలియా ఆ యంత్రాన్ని లాక్కుని ఆమె అరచేతిలో విసురుగా పడేసి, మొగుణ్ణి బస్సెక్కించింది.