ఆమెకు చెప్పాల్సిన మాట

చొక్కాలు కుట్టే కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా కాజాలు కుట్టే మిషను దగ్గర కూర్చుంటోంది కాబట్టి ఆమెను అందరూ కాజాలక్క అనే పిలిచేవారు. మొగుడు పోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. నలభై నాలుగో ఏట, ఇస్త్రీ సెక్షన్ మాస్టారు పెళ్ళి చేసుకుందామా అని అడిగితే వారం రోజులు ఆలోచించి సరేనంది. ఆయనకు విడాకులై ఆరేళ్ళు. ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాశాయి గాని మాట మెత్తన.

సరేనన్నాక ఆమెకు ఒక గుబులు పట్టుకుంది. అంతకు నెల ముందు కంపెనీ భోజనాల గదిలో, ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక నర్సు చెప్పిన మాటలు మనసులో మెదులుతూనే ఉన్నాయి. సుఖరోగాలు మనిషిని చూస్తే తెలిసేవి కావట. పైకి ఏమీ లేకుండా ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండొచ్చట. కొత్తగా ఒకటయ్యేవాళ్ళు ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే మంచిదట.

"మీరేమీ అనుకోకపోతే ఇద్దరం రక్తం చూపించుకుందామండీ," అంది నసుగుతూ.

"నా మీద అనుమానమా?"

"భయమండీ."

మాస్టారు తలూపారు. "అనుమానమున్నా తప్పులేదులే. విడాకులైన కొత్తలో నేనూ కొన్నాళ్ళు గాలికి తిరిగాను. నాలుగేళ్ళుగా ఆ జోలికి పోలేదు. పద, చూపించుకుందాం."

ఆసుపత్రిలో రక్తం తీస్తూ నర్సు ఆయన్ను ఆ నాలుగేళ్ళ సంగతి అడిగి రాసుకుంది. ఈమధ్యే ఎవరితోనైనా కలిసి ఉంటే మూడు నెలలాగి మళ్ళీ చూడాల్సి వచ్చేదని, నాలుగేళ్ళయింది కాబట్టి ఒక్కసారి చాలని చెప్పింది.

వారం తర్వాత మాస్టారు ముందు లోపలికెళ్ళి వచ్చారు. "నాకేం లేదట," అన్నారు తేలిగ్గా. కాజాలక్క గుండె కుదుటపడింది. తన కాగితంలో ఏముంటుందోనన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

ఆమె లోపలికెళ్ళాక డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసింది. "అమ్మా, మీకు సిఫిలిస్ ఉంది. రెండు రకాలుగా చూశాం, రెండింట్లోనూ అదే వచ్చింది. హెచ్‌ఐవీ లేదు."

"నాకా? పదకొండేళ్ళుగా నేనెవరితోనూ లేనండీ."

"అంతకు ముందు వచ్చిందే అయ్యుంటుంది. మొదట్లో నొప్పిలేని చిన్న పుండు వస్తుంది, దానంతటదే మానిపోతుంది. లోపల వస్తే మనకు కనపడదు కూడా. తర్వాత ఒంట్లో నక్కి ఉంటుంది. మీకు కాన్పులేమైనా?"

"రెండు పోయాయి. ఆరో నెలలో ఒకటి, ఏడో నెలలో ఒకటి. మా అత్తగారు నా కడుపే మంచిది కాదనేది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "దీనివల్లేనని ఇప్పుడు ఖాయంగా చెప్పలేను. కాని ఇది ఉంటే అలా జరుగుతుంది. అప్పుడే రక్తం చూసి ఉంటే మందుండేది."

కాజాలక్కకు ఏడుపు రాలేదు. అత్తా పోయింది, మొగుడూ పోయాడు. నిలదీయడానికి ఒక్కరూ మిగల్లేదు. పడ్డ మాటలన్నీ తన ఒంటికే అంటుకుని ఉండిపోయాయి.

వారానికొకటి చొప్పున మూడు సూదులు, ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష అని చెప్పి, డాక్టరమ్మ మెల్లగా అడిగింది. "మీ ఆయనకు ఇంకెవరితోనైనా సంబంధం ఉండేదా? ఉంటే ఆవిడ కూడా చూపించుకోవాలి."

ఉండేది. ఆమె అదే కంపెనీలో, ప్యాకింగు టేబులు దగ్గర ఉంది.

మొదటి సూది వేయించుకుని బయటికొచ్చి, దాచకుండా మాస్టారుకు చెప్పింది. చెప్పేటప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

"ఎన్ని సూదులు?"

"మూడు."

"మిగతా రెండింటికీ నేనూ వస్తాను. నయమైందన్నాక రిజిస్ట్రారు దగ్గరికి పోదాం."

రెండో మనిషికి చెప్పడం ఇంతకన్నా కష్టమైంది. ప్యాకింగు ఆవిడతో ఆమెకు పదమూడేళ్ళుగా మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరూ ముఖాలు తిప్పుకునేవారు. మూడు రోజులు వెనకాముందాడి, నాలుగో రోజు అందరూ టీకి లేచాక వెళ్ళి టేబులు పక్కన నిలబడింది.

"నీతో గొడవకు రాలేదు. నా రక్తంలో జబ్బు తేలింది. మా ఆయన నుంచే అయ్యుండాలి. నువ్వూ చూపించుకో."

ఆవిడ చేతిలో అట్టముక్క నలిగిపోయింది. "ఇన్నాళ్ళకు కక్ష తీర్చుకుంటున్నావా?"

"కక్షే అయితే చెప్పకుండా ఊరుకునేదాన్ని."

ఆవిడ అట్టముక్కను సాపు చేసి టేబులు మీద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకిప్పుడు మొగుడున్నాడు," అంది.

"ఆయనకూ చూడాల్సి రావచ్చు. ఎలా చెప్పాలో డాక్టరమ్మ చెబుతుంది. నాకూ ఆవిడే ధైర్యం చెప్పింది."

ఆ మర్నాడే ఆవిడ వెళ్ళి రక్తమిచ్చింది. కాజాలక్క మూడో సూది నాటికి ఆవిడకూ అదే జబ్బని తేలి, మొదటి సూది కోసం ఆసుపత్రికి వచ్చింది. మొగుడికి రాలేదట. కాని విన్న రోజు నుంచీ ఆయన ఇంట్లో మాట్లాడటం మానేశాడు. డాక్టరమ్మ తనతో అన్న మాటొకటి ఆవిడే కాజాలక్కకు చెప్పింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పుడు తేల్చలేరట.

"నా నుంచే మీ ఆయనకు, ఆయన్నుంచి నీకు వచ్చిందేమో అక్కా."

కాజాలక్క చేతిలోని చీటీ మడత పెట్టింది. మాస్టారు లేచి మంచినీళ్ళ కోసమని అవతలికి వెళ్ళారు.

ప్యాకింగు ఆవిడే మళ్ళీ అడిగింది. "కడుపులో పోయిన ఆ పిల్లలు ఆడా మగా?"

ఇన్నేళ్ళలో ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు.

"ఇద్దరూ ఆడపిల్లలే," అంది కాజాలక్క. అప్పుడు వచ్చింది ఏడుపు. ప్యాకింగు ఆవిడ తాకాలా వద్దా అని తటపటాయించి, చివరికి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాజాలక్క ఆ చేతిని తీసెయ్యలేదు.